తద్దినం వంటకి తగ్గింపు ధర

మా ఆవిడ మాల్సుక్ వంటలో వెల్లుల్లి ఉండదు, మిరపకారం ఉండదు. వండేటప్పుడు రుచి కూడా చూడదు. ఉప్పు సరిపోయిందో లేదో ఆవిరి వాసన పట్టి చెప్పేస్తుంది. పెద్దలకి పెట్టకముందే నాలుక తగిలితే అది ఎంగిలి కూడు. మా డేగూ ఊళ్ళో ఇది ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంట్లో వండుకునే ఓపిక లేనివాళ్ళూ, వండే మనిషే పోయినవాళ్ళూ తద్దినం నాడు మా దుకాణం నుంచి తెప్పించుకుంటారు. ఉప్పు పట్టించిన సొరచేప ముక్కలు, టోఫూ అట్లు, చేప అట్లు, ముల్లంగి వేసిన మాంసం చారు, మూడు రంగుల కూరలు, ఎండు రేగుపళ్ళు. అన్నీ విడివిడి డబ్బాల్లో సర్ది, పైన మాల్సుక్ ఒక చీటీ పెడుతుంది: "మేము రుచి చూడలేదు. ముందు పెద్దలు తినాలి, తర్వాత మీరు. దయచేసి ఫోటోలు తీయకండి."

ఒకప్పుడు జనం దుకాణానికి వచ్చి చెప్పేవాళ్ళు, లేదా ఫోన్ చేసేవాళ్ళు. తర్వాత ఇంటికి తిండి తెప్పించుకునే ఆప్ వచ్చింది. చూస్తుండగానే ఊరంతా అందులోకి దూరింది. పక్క సందులో ఉన్నవాళ్ళు కూడా మా గుమ్మం ముందు నించే నడిచి వెళ్ళి, ఇంట్లో కూర్చుని ఆప్‌లో ఆర్డరు పెట్టేవాళ్ళు. సరే, కాలం అలా ఉంది అనుకుని మేమూ అందులో చేరాం. ప్రతి ఆర్డరు మీదా వాళ్ళ వాటా వాళ్ళు తీసుకునేవాళ్ళు. కొన్నాళ్ళు బాగానే నడిచింది. తద్దినం వంట అని వెతికితే మొదట మా పేరే కనిపించేది.

ఈ వసంతంలో ఒక రోజు ఆప్‌లో ఆర్డర్లు ఆగిపోయాయి. మా అమ్మాయి హేవోన్ సోల్ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, మన దుకాణం ఎక్కడా కనపడ్డం లేదేంటి?" అంది. నేను వెతికాను. బొటనవేలు నొప్పెట్టేదాకా తెర జరిపాను. కుక్కల పుట్టినరోజుకి చేసే కేకుల దుకాణం కింద దొరికింది మా పేరు.

మాల్సుక్ ఆ తెర తీసుకుని మా పేరూ, దాని పైనున్న కేకు బొమ్మా చూసింది. పెనం మీద అట్టు మాడింది. దాన్ని గరిటెతో తీసి చెత్తలో పడేసి అప్పుడు అంది, "మా అత్తగారు నేర్పిన వంట ఇది. కుక్క కేకు కిందకి వెళ్ళింది."

ఆప్ కంపెనీకి రాశాం. జవాబు వెంటనే వచ్చింది. మీ స్థానాన్ని ఏ మనిషీ నిర్ణయించడు, అల్గారిదం అనే కంప్యూటరు లెక్క నిర్ణయిస్తుంది, దాని వివరాలు వ్యాపార రహస్యం కనుక చెప్పలేము అని.

"మనిషి కాదట," అంది మాల్సుక్. "మరి ఈ జవాబు రాసింది ఎవరు, ఆ కుక్కా?"

మా బజారులో ఈ దెబ్బ తిన్నది మేమొక్కళ్ళమే కాదు. ఊరగాయలమ్మే ఆవిడా, బియ్యపు రొట్టెలవాళ్ళూ, పంది కాళ్ళు ఉడికించి అమ్మే బాంగ్, అందరూ ఒక రోజు పైన, ఒక రోజు కింద. కారణం ఎవరికీ తెలియదు. అందరం కలిసి ప్రభుత్వ నియంత్రణ కార్యాలయానికి ఫిర్యాదు పెట్టాం. మేం అడిగింది పెద్దదేం కాదు. ఆ లెక్క ఏమిటో మాకు చెప్పకపోయినా కనీసం ప్రభుత్వానికైనా చూపించండి అని. మొదటి సంతకం మాల్సుక్‌ది. విచారణ చుసొక్ పండగకి ముందు పెడతామన్నారు. చుసొక్ అంటే ఊళ్ళో ప్రతి ఇంటా పెద్దలకి పెట్టుకునే రోజు. మా ఏడాది బతుకు ఆ పండగలోనే ఉంది. ఈసారి కూడా కుక్కల కేకు కిందే ఉండిపోతే దుకాణం నడిచే దారి లేదు. అది ఇద్దరికీ తెలుసు.

నేను తెల్లవారే గుడికి వెళ్తాను. బుద్ధుడి ముందు సాష్టాంగపడడం నాకు పెళ్ళికి ముందు నుంచీ అలవాటు. ఈ గొడవ మొదలయ్యాక మోకాళ్ళు వంగుతున్నా మనసు వంగేది కాదు. ఒక రోజు ఇంటికొచ్చి మాల్సుక్‌తో అన్నాను, "కర్మ లెక్క కూడా మనకి కనపడదు కదా. అయినా నమ్ముతున్నాం. దీన్నీ అలాగే ఓర్చుకోకూడదా?"

ఆవిడ సొరచేప ముక్కలకి పుల్లలు గుచ్చుతోంది. తల ఎత్తలేదు. "హేవోన్ నాన్నా, కర్మ కమిషన్ తీసుకోదు."

నేను పుల్లల కట్ట ఆవిడ దగ్గరికి జరిపాను.

కారణం తెలియనప్పుడు మనిషి ఏం చేస్తాడు? మొక్కుకుంటాడు. మా బజారు కూడా అదే చేసింది. మంగళవారం దుకాణం బొమ్మ మారిస్తే పైకి వస్తామని ఒకరు. ఎర్ర గిన్నెలో పెట్టి ఫోటో తీస్తే మంచిదని ఒకరు. మధ్యాహ్నం ఆప్ కట్టేసి మళ్ళీ తెరవాలని ఇంకొకరు. ఆ లెక్కని అందరూ "ఆయనగారు" అనడం మొదలుపెట్టారు. "ఇవాళ ఆయనగారికి మనసు బాలేదు." "నిన్న ఆయనగారు నా మీద చల్లని చూపు చూశారు." మొదట అది వేళాకోళం. పోనుపోను ఎవరూ నవ్వడం మానేశారు.

బాంగ్ అయితే పూజే పెట్టాడు. కొత్త బండి కొన్నా, కొత్త కొట్టు తెరిచినా పంది తల పెట్టి మొక్కడం మాలో ఉన్నదే. బాంగ్ తన దుకాణం ముందు చాప పరిచి, బల్ల మీద ఉడికించిన పంది తల పెట్టి, దాని ముందు ఫోన్ నిలబెట్టాడు. ఫోన్‌లో ఆప్ తెరిచి ఉంది. మధ్య మధ్య తెర ఆరిపోతుంటే వంగి వేలితో మళ్ళీ వెలిగిస్తున్నాడు. నలుగురైదుగురు వరుసగా వచ్చి పంది నోట్లో నోట్లు కుక్కి, ఫోన్‌కి మొక్కారు.

"ఆయనగారూ, తెలియక చేసిన తప్పులుంటే మన్నించండి," అన్నాడు బాంగ్ మొహం చాపకి ఆనించి. లేచి మమ్మల్ని పిలిచాడు. "అన్నా, రా. వదినా, మీరూ ఒక్క దండం. ఏం పోయింది?"

"నేను బుద్ధుడికి మొక్కేవాణ్ణి, తెలుసు కదా," అన్నాను.

"బుద్ధుడు చూసీచూడనట్టు ఊరుకుంటాడులే. ఈయన ఊరుకోడు."

మాల్సుక్ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆ పంది తల వైపు చూసింది. నవ్వు మొహం ఉన్న తలైతేనే శుభమని ఏరి మరీ తెస్తారు. "తల తెగినా ఎలా నవ్వుతోందో చూడు బాంగూ. అచ్చం మనలాగే ఉంది."

"వదినా, మంచి వేళ అపశకునం మాటలెందుకు?"

"దేవుడికి దండం పెడితే పెట్టు. తెలియనివాడి కాళ్ళు పట్టుకోకు. వాడు మనిషి. ఎక్కడో మేడ మీద కూర్చుని ఉన్నాడు. మొహం చూపించడానికి సిగ్గు, అంతే."

ఆ మాటన్న వారానికి మా దుకాణంలోకి తాక్ మాస్టారు వచ్చారు.

మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మా హేవోన్ ఆయన దగ్గరే చదువుకుంది. అంతకుముందు నెలలో ఆయన భార్య సంవత్సరీకం జరిగింది. వంట ఆప్‌లో మా దగ్గరే తెప్పించుకున్నారు. ఆవిడకి టోఫూ అట్లంటే ఇష్టమని రెండు ఎక్కువ వేసింది మాల్సుక్. పిల్లలు లేరు. తద్దినం ఆయనొక్కరే పెట్టుకున్నారు.

వచ్చి నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు. టోపీ చేత్తో పట్టుకుని, జేబులోంచి ఫోన్ తీసి మాల్సుక్ ముందు పెట్టారు.

"చదవమ్మా. నాకు కళ్ళజోడు సరిగా లేక తప్పు చదివానేమో."

మాల్సుక్ మొదటి ముక్క చదివి నా వైపు చాపింది. నేను తీసుకుని చదివాను. తెర మీద ఒక కుందేలు గంతులేస్తోంది. కింద ఇలా ఉంది: "తాక్ గారూ! పోయిన నెల మీ ఇంట జరిగిన వేడుక రుచులు ఇంకా నోరూరిస్తున్నాయా? ఇంకో వేడుకకి ఇదే సమయం! ఈ వారం ఆర్డరు చేస్తే తగ్గింపు ధర. ప్రేమతో, మీ మాల్సుక్ వంటిల్లు."

"ఇంకో వేడుక అంటే ఏమిటి మాల్సుక్ గారూ?" అని అడిగారు మాస్టారు. పిల్లల్ని బోర్డు దగ్గరికి పిలిచి అడిగినట్టే, మెల్లగా. "మా ఇంట్లో మిగిలింది నేనొక్కణ్ణే కదా. ఈ వారంలోగా అంటున్నారు."

మాల్సుక్ మోకాళ్ళ మీద పడింది. ఆ తడి నేల మీదే నుదురు ఆనించింది. "మాస్టారూ, నేను పంపలేదు. ఒట్టు. మా ఇద్దరికీ తెలియదు."

"మీ పేరు ఉంది కదమ్మా."

"నా పేరే. కానీ నేను కాదు."

ఆయన ఆవిడని లేవమని కూడా అనలేదు. ఫోన్ తీసుకుని, టోపీ పెట్టుకుని, నాకు తల వంచి నమస్కారం చేసి వెళ్ళిపోయారు. అరిచి ఉంటే బాగుండేది. అరిష్టం వదలాలని చల్లినట్టు మా మొహాన ఉప్పు చల్లి పోయినా బాగుండేది.

మాల్సుక్ కంపెనీకి ఫోన్ చేసింది. చాలాసేపు పాటలు వినిపించాక ఒక ఆడపిల్ల పలికింది. స్పీకరు పెట్టింది కనక నేనూ విన్నాను.

"ఆ సందేశం ఎవరు రాశారు?"

"అది సిస్టమే తయారు చేసి పంపుతుందండీ, యజమాని గారూ. ఎవరూ రాయరు."

"నా పేరు పెట్టి పంపడానికి నన్ను అడిగారా?"

"చేరేటప్పుడు ఒప్పందంలో అంగీకరించారండీ."

"చచ్చినవాళ్ళ తద్దినాన్ని వేడుక అంటుందా మీ సిస్టం?"

అవతల పిల్ల గొంతు తగ్గింది. "క్షమించండి. దానికి అది... దానికి తెలియదేమోనండీ."

"ఆపండి. ఇవాళే ఆపండి."

"ఆపొచ్చండీ. కానీ ఆపితే మీ స్థానం తగ్గొచ్చు."

"తగ్గొచ్చా, తగ్గుతుందా?"

"అది మాకు కూడా చెప్పరండీ."

మాల్సుక్ ఫోన్ పెట్టేసింది. ఆ పిల్ల మీద కోపగించుకోలేదు. ఆ తర్వాత తట్టిన ఆలోచనకి నాకు ఒళ్ళు మండింది. కోడివేపుడు తిన్నవాడు వారం తిరక్కుండా మళ్ళీ తెప్పించుకుంటాడు. తద్దినం ఏడాదికి ఒకసారే వస్తుంది. మా దగ్గర కొన్నవాళ్ళు మళ్ళీ నెలలో కొనరు. అందుకే మేం పనికిరాని దుకాణంగా లెక్కకొచ్చామా? లేక ఫోటోలు వద్దని మేం పెట్టే చీటీ వల్లా? ఫోటోలు లేవు కనక ఎవరికీ నచ్చలేదని తేల్చిందా? వెల్లుల్లి లేదు కనక చప్పగా ఉందని ఎవరో కుర్రవాళ్ళు రాశారు, దాని వల్లా? ఏమో. అన్నీ కావచ్చు, ఏదీ కాకపోవచ్చు. నేనూ బాంగ్‌లాగే చీకట్లో చేయి చాపి తడుముతున్నాను.

"పోనీ, ఆ చీటీ తీసేద్దామా?" అన్నాను.

"తీసేద్దాం," అంది మాల్సుక్. "తీసేసి, మీ నాన్న పటం ముందు అన్నం పెట్టి రెండు వేళ్ళు ఎత్తి నవ్వుతూ ఫోటో దిగు. వెళ్ళు."

నేను చీటీల కట్ట తిరిగి డబ్బాల పక్కన పెట్టాను.

విచారణ దగ్గర పడిందనగా కంపెనీ నుంచి ప్యో అనే కుర్ర మేనేజరు వచ్చాడు. కానుకగా విటమిన్ పానీయం సీసాల పెట్టె చేత పట్టుకుని, గుమ్మంలోనే నడుం దాకా వంగాడు.

"యజమాని గారూ, బాగున్నారా?"

"ఎవరు యజమాని?" అంది మాల్సుక్. "నా దుకాణం ఎక్కడుందో నాకే తెలియదు. కూర్చో నాయనా. అట్టు తింటావా? చప్పగా ఉంటుంది మరి."

అతను కూర్చున్నాడు. అట్టు తిన్నాడు. చాలా బాగుందన్నాడు, అబద్ధమాడినట్టు లేడు. చేతులు తుడుచుకుని విషయంలోకి వచ్చాడు. కంపెనీకి మా మీద గౌరవం ఉందట. మాస్టారి సంగతి తెలిసి బాధపడ్డారట. చుసొక్ రెండు వారాల ముందు నుంచి మా దుకాణాన్ని మొదటి వరుసలో పెడతారట. మేం చేయాల్సిందల్లా ఫిర్యాదు మీద సంతకం వెనక్కి తీసుకోవడం.

నేను నిజం చెప్పాలి. ఆ క్షణంలో నా ప్రాణం లేచొచ్చింది. నోరు తెరవబోయాను. మాల్సుక్ నాకన్నా ముందే అడిగింది.

"మొదటి వరుసలో ఎవరు పెడతారు?"

"మేమేనండీ."

"చేత్తోనా?"

"అంటే... అలాంటి ఒక సౌకర్యం ఉందండీ."

"మరి ఏ మనిషి చెయ్యీ పడదని రాశారు కదా మాకు."

"అది మామూలుగానండీ. ఇది ప్రత్యేకం."

"చేత్తో ఎత్తగలిగినవాళ్ళు చేత్తో దించగలరు కదా, నాయనా?"

ఆ కుర్రాడు ఎర్రబడ్డాడు. "నాకు చెప్పమన్నది చెప్పాను అమ్మగారూ. ఇంకేం తెలియదు." వెళ్ళేటప్పుడు కూడా అంతే వంగి వెళ్ళాడు.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద రభస అయింది. నేను ఒప్పుకుందామన్నాను. ఒక్క చుసొక్ గడిస్తే చాలు, తర్వాత పోరాడదాం అన్నాను. "తర్వాత అనేది వాళ్ళ చేతిలో ఉంది," అంది ఆవిడ. మన వయసులో దుకాణం మూస్తే ఎక్కడికి వెళ్తాం అన్నాను. "మాస్టారి ఇంటికి వెళ్ళి ఏం చెప్తావు? మీకొచ్చిన ఆ సందేశం వల్ల మాకు మొదటి స్థానం దొరికింది, చల్లగా ఉండండి అని చెప్తావా?" అంది. నేను గిన్నె నేలకేసి కొట్టాను. పెళ్ళయ్యాక ఎప్పుడూ అలా చేయలేదు. ఆవిడ గిన్నె తీసి బోర్లించి, "కోపం వచ్చింది కదా, మంచిది. అది వాళ్ళ మీద పెట్టు," అంది.

మర్నాడు బాంగ్ వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. "అన్నా, ఆ మేనేజరు నా దగ్గరికీ వచ్చాడు. నేను సంతకం వెనక్కి తీసుకున్నాను. ఇద్దరు పిల్లలు కాలేజీలో ఉన్నారు. వదినకి మొహం చూపించలేను, నువ్వే చెప్పు." మాల్సుక్ లోపల్నుంచే అరిచింది, "మొహం చూపించు బాంగూ! నీ మొహానికేం, పంది తల కన్నా బాగానే ఉంది!" వాడు ఏడుస్తూ నవ్వాడు.

విచారణ నాటికి బజారు తరఫున మేమిద్దరం, ఊరగాయల ఆవిడ మిగిలాం. అటువైపు కంపెనీ లాయర్లు ఒక వరుస నిండా కూర్చున్నారు. మధ్యలో సొక్ గారనే అధికారిణి, మా హేవోన్ కన్నా కాస్త పెద్దది. కళ్ళ కింద నలుపు. మేం చెప్పిందంతా ఓపిగ్గా వింది.

పెద్ద లాయరు చాలా మర్యాదగా మాట్లాడాడు. "తాళం ఎలా చేశామో అందరికీ చెప్తే లాభం దొంగలకే. లెక్క బయటపడితే దొంగ పొగడ్తలు రాయించుకునేవాళ్ళు పైకొస్తారు, నిజాయితీ ఉన్న ఇలాంటి అమ్మలే నష్టపోతారు."

అందులో నిజం లేదని నేను అనను. లెక్క తెలిస్తే బాంగ్ తన మేనల్లుళ్ళందరి చేతా రాత్రికి రాత్రే పొగడ్తలు రాయించేవాడు. కానీ సొక్ గారు అన్న మాట కూడా నిజమే కదా. "దొంగలకి చెప్పమని ఎవరూ అనడం లేదు. మాకు చూపించమంటున్నాం."

"మీ దగ్గర్నుంచి బయటికి పోదని హామీ ఏమిటి?"

అప్పుడు మాల్సుక్ చెయ్యి ఎత్తకుండానే లేచింది. "ఆహార తనిఖీవాళ్ళు ఎప్పుడు పడితే అప్పుడొచ్చి నా ఫ్రిజ్ తెరుస్తారు. గిన్నెల్లో తొంగి చూస్తారు. మా అత్తగారి రహస్యం, చూడొద్దు అని తలుపేస్తే నా కొట్టుకి తాళం పడుతుంది. మీ వంటింటికి మాత్రం తలుపెందుకు?"

"ఆహారం వేరు, సాఫ్ట్‌వేర్ వేరమ్మా," అన్నాడు లాయరు. నొచ్చుకోలేదు, తడబడలేదు. పక్కనున్న కుర్ర లాయరు టైపు చేస్తూనే ఉన్నాడు. మాల్సుక్ మాట ఆ గదిలో అలా గాలికి పోయింది.

నేను లేచాను. ప్యో వచ్చిన సంగతి, మొదటి వరుస సంగతి చెప్పాను. సంతకం వెనక్కి తీసుకుంటే చేత్తో పైకెత్తుతామన్నారని చెప్పాను. చెప్తున్నంతసేపూ నాకు కళ్ళ ముందు చుసొక్ కనిపిస్తోంది. నా నోటితో నేనే దాన్ని తోసేస్తున్నాను.

లాయరు కాగితాలు సర్దుకున్నాడు. "ఆ మేనేజరు అత్యుత్సాహంతో సొంతంగా అన్న మాట. కంపెనీకి సంబంధం లేదు."

సొక్ గారు అడిగింది. "అతను సొంతంగా అన్నాడా లేదా అన్నది తర్వాత. చేత్తో ఎత్తే వీలు ఉందా, లేదా?"

"అది వ్యాపార రహస్యం."

ఆవిడ కలం కింద పెట్టింది. లెక్క మొత్తం కార్యాలయానికి చూపించాలని ఆ వారంలోనే ఆదేశం వెళ్ళింది. మా బజారులో అందరూ వచ్చి మాల్సుక్ భుజం తట్టారు. గెలిచామన్నారు.

ప్యోని ఉద్యోగంలోంచి తీసేశారని తర్వాత తెలిసింది. మాల్సుక్ ఆ రోజు అన్నం తినలేదు. "లెక్కని తీసేయలేదు. అట్టు తిన్న కుర్రాణ్ణి తీసేశారు," అంది.

చుసొక్ వచ్చింది, వెళ్ళింది. మేం కుక్కల కేకు కిందే ఉన్నాం. పండగ అయ్యాక దుకాణంలో ముందు సగం బాంగ్‌కి అద్దెకిచ్చేశాం. వాడు మొదటి వరుసకెక్కాడు, చోటు చాలడం లేదట. అట్లు ఆరబెట్టే చోట ఇప్పుడు పంది కాళ్ళు గుట్టగా ఉంటున్నాయి. వెనక సగంలో మాల్సుక్ ఒక పొయ్యి మీద వండుతోంది. ఫోన్ చేసి అడిగే పాతవాళ్ళు కొందరున్నారు. మాస్టారు మాత్రం మళ్ళీ రాలేదు. నేను రెండుసార్లు ఆయన గుమ్మం దాకా వెళ్ళి, గంట నొక్కకుండా తిరిగొచ్చాను.

చలి మొదలయ్యాక ఒక మధ్యాహ్నం సొక్ గారు ఫోన్ చేసింది. మాల్సుక్ చేతులకి పిండి ఉంది. నేను ఫోన్ పట్టుకుని ఆవిడ చెవి దగ్గర పెట్టాను. నాకూ వినపడింది.

"అమ్మా, చూశాం. వాళ్ళు తాళం వేసిన గదిలో చూపించారు. ఫోన్లు బయట పెట్టించారు. తద్దినాల ఆర్డర్లకి ఆ సందేశాలు పంపొద్దని ఆదేశించాం. ఆపేశారు."

"మంచిది తల్లీ. మా దుకాణం ఎందుకు పడింది?"

"అది చెప్పలేనమ్మా."

"తెలియదా?"

"తెలుసు. చెప్పకూడదు. రహస్యం బయటపెట్టబోమని సంతకం చేసి లోపలికి వెళ్ళాం. చట్టం అలా ఉంది."

మాల్సుక్ పిండి చేతులు గాల్లోనే ఉన్నాయి. "నా దుకాణం ఎందుకు చచ్చిందో వాళ్ళకి తెలుసు. ఇప్పుడు నీకూ తెలుసు. నాకే తెలియదు."

"క్షమించండమ్మా."

"నా తప్పేనా? అదొక్కటి చెప్పు. అవునో కాదో."

"చెప్పలేనమ్మా."

నాకు కళ్ళు మండాయి. దీని కోసమా చుసొక్ వదులుకున్నాం? చూపించండి, చూపించండి అని అరిచి అరిచి చివరికి మా తరఫు మనిషిని కూడా ఆ గదిలోకి పంపి తలుపేయించామా? ఇదివరకు మాకు చెప్పనివాళ్ళు ఒక పక్కే ఉండేవాళ్ళు. ఇప్పుడు రెండు పక్కలా ఉన్నారు. అలాగని ఎవరూ చూడకపోతే మాస్టారి లాంటి వాళ్ళ ఫోన్లలో ఆ కుందేలు ఇంకా గంతులేస్తూనే ఉండేది. ఏది మేలో నాకు తేలలేదు. ఫోన్ లాక్కుని తిట్టబోయాను. మాల్సుక్ మోచేత్తో నన్ను ఆపింది.

"సరే తల్లీ, లెక్క అడగను. నీ సంగతి అడుగుతాను. ఆ గదిలో అది చూసినప్పుడు నీకు కోపం వచ్చిందా?"

అవతల ఎవరో తలుపు వేసిన చప్పుడు వచ్చింది. తర్వాత ఆ పిల్ల గొంతు చాలా మెల్లగా పలికింది.

"వచ్చిందమ్మా."

ఫోన్ కట్ అయింది. మాల్సుక్ చేతులు కడుక్కుని, పొయ్యి ఆర్పి, స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. ఆవిడ మొహం విచారణ రోజున కూడా అంత ఎర్రగా లేదు.

"కాగితం తీసుకో హేవోన్ నాన్నా. కొత్త ఫిర్యాదు రాయాలి. ఈసారి ప్రభుత్వం మీదే."

"ఏమని రాయను?"

"ఆ పిల్లకి కోపం ఎందుకొచ్చిందో మాకు చెప్పమని రాయి."